ఎదురింటి గంటన్నర

సహాయకురాలు ఇవాళ కూడా ముందు ఎదురింటి తలుపే తట్టింది.

కుట్టుమిషను ముందు కూర్చున్న టైలరమ్మ సూదిలోకి దారం ఎక్కిస్తూ కిటికీలోంచి అంతా చూసింది. మిషను కిటికీ పక్కన వేసుకున్నది వెలుతురు కోసమని ఆమె అందరితోనూ చెబుతుంది. మాట నిజమే. కాకపోతే ఆ వెలుతురులో వసారా అవతలి టీచరమ్మ తలుపు కూడా శుభ్రంగా కనిపిస్తుంది. ఆ తలుపు తెరుచుకోవడం, సహాయకురాలు చెప్పులు విడిచి లోపలికి వెళ్ళడం, ఆ వెంటనే గోడమీది కార్డుకి ఫోను ఆనించిన టింగుమనే చప్పుడు, అన్నీ ఈవిడ చెవిన పడ్డాయి. దారం రెండుసార్లు తప్పింది.

తమ పనులు తాము చేసుకోలేనివాళ్ళ ఇళ్ళకి సంక్షేమశాఖవాళ్ళు పొద్దున్నే ఒక మనిషిని పంపుతారు. స్నానం, బట్టలు, మందులు, ఆమే చూస్తుంది. వచ్చినప్పుడోసారి, వెళ్ళేటప్పుడోసారి ఆ ఇంటి కార్డుకి ఫోను ఆనిస్తే ఎంతసేపు ఉన్నదీ ఆఫీసులో పడిపోతుంది. ఎవరింట్లో ఎంతసేపు ఉండాలో పైవాళ్ళు రాసిస్తారు. టీచరమ్మకి గంటన్నర రాశారు. టైలరమ్మ మొగుడికి, కుడివైపు చెయ్యీ కాలూ పడిపోయి తనంతట తాను మంచం మీద పక్కకి తిరగలేని మనిషికి, అరగంట.

మొన్నమొన్నటిదాకా ఆయనకీ గంటే ఉండేది. దేశానికి కష్టకాలం వచ్చింది, అందరూ సర్దుకోవాలి అన్నారు. ముందు లిఫ్టు ఆపేశారు. తర్వాత కింది అంతస్తులో డిస్పెన్సరీ వారానికి రెండురోజులైంది. ఆయన ఇరవై ఎనిమిదేళ్ళు నడిపిన బస్సు రూటు ఎత్తేశారు. ఆ వార్త విని ఆయన రెండురోజులు అన్నం సరిగ్గా తినలేదు, సొంత బస్సయినట్టు. ఆ తర్వాత మూడు వారాల కిందట కాగితం వచ్చింది. గంట కాస్తా అరగంట. కారణం కూడా అచ్చువేశారు: ‘ఇంట్లో చూసుకునే మనిషి ఉన్నారు.’

ఆ చూసుకునే మనిషి నడుం ఎలా ఉందో ఆ కాగితంలో గడి లేదు. నిండు బకెట్టు ఎత్తొద్దని డాక్టరు చెప్పాడు. బకెట్టు ఎత్తకూడని మనిషి డెబ్భై కిలోల మొగుణ్ణి ఎత్తొచ్చు కాబోలు. టీచరమ్మ ఒంటరిది కాబట్టి ఆమె గంటన్నర ఎక్కడిదక్కడే ఉంది. పెళ్ళి చేసుకున్న పాపానికి తనకి అరగంట జరిమానా వేశారని టైలరమ్మ ఆ కాగితాన్ని మిషను సొరుగులో పెట్టి, రోజూ సొరుగు తీసినప్పుడల్లా చూసుకుని మండిపడేది.

అవతల టీచరమ్మ ఏదో అంది. సహాయకురాలు నవ్వింది. ఆ నవ్వు ఈవిడ ఒంటికి కారం రాసినట్టయింది.

చాలాసేపటికి ఎదురింటి తలుపు తెరుచుకుంది. సహాయకురాలు చున్నీతో చేతులు తుడుచుకుంటూ ఇటు వచ్చింది.

“నీళ్ళు కాగాయా పిన్నీ?”

“ఎప్పుడనగానో కాగాయి. చల్లారి మళ్ళీ కాగాయి,” అంది టైలరమ్మ తల ఎత్తకుండా.

ఆ పిల్ల నవ్వేసి తిన్నగా మంచం దగ్గరికి వెళ్ళింది. కార్డు జోలికి పోలేదు. “లేవండి బాబాయ్, బస్సు బయలుదేరే టైమైంది,” అంది. డ్రైవరు ఎడమ చెయ్యి ఆమె మెడ చుట్టూ వేశాడు. ఒకటీ రెండూ మూడూ అని ఇద్దరూ లెక్కపెట్టుకుని, మూడు అనగానే లేచాడు. చక్రాల కుర్చీ స్నానాలగదిలోకి పోయింది. టైలరమ్మ ఊపిరి పీల్చుకుని పని అందుకుంది. రోజు మొత్తంలో మిషను దగ్గర ఆమె నిశ్చింతగా కూర్చునేది ఈ కాస్తసేపే. ఆయన బయటికి వచ్చేలోగా రెండు ప్యాంట్లకి అంచులు మడిచి కుట్టేస్తుంది. కాగితం మీద అరగంటయినా ఈ పిల్ల స్నానం మధ్యలో వదిలేసి పోలేదు, అంతమట్టుకు మనసున్నదే అనుకుంటుంది.

కానీ ఒక్క పని మాత్రం ఆమెకి మింగుడుపడేది కాదు. మొదటి ప్యాంటు పూర్తయి రెండోది మిషను మీదికి ఎక్కుతుండగా, రోజూ సరిగ్గా తొమ్మిదింటికి, సహాయకురాలు తడికాళ్ళతో బయటికి పరిగెత్తేది.

“ఒక్క నిమిషం పిన్నీ, టీచరమ్మగారింట్లో చిన్న పని.”

“ఒంటినిండా సబ్బుతో ఆయన్ని అలా కూర్చోబెట్టి?”

“తువ్వాలు కప్పానండీ.”

ఎదురింట్లో టింగుమనేది. వెంటనే తిరిగొచ్చి, అప్పుడు, తీరిగ్గా ఈ ఇంటి కార్డుకి ఫోను పెట్టేది. టైలరమ్మ మిషను ఆపి చూస్తూ కూర్చునేది. సబ్బునీళ్ళలో మనిషిని వదిలేసి పరిగెత్తేంత గొప్ప పని ఏమిటో మహారాణిగారికి? మందు గ్లాసు అందించాలా, దిండు సర్దాలా? పిలవగానే పరిగెత్తే మనిషి ఉంటే ఎవరికైనా రోజూ తొమ్మిదింటికి ఏదో ఒకటి గుర్తొస్తుంది.

స్నానమై, బట్టలు తొడిగించుకుని, తలదువ్వించుకుని కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాక డ్రైవరు అతికష్టం మీద కూడబలుక్కుని ప్రతిరోజూ ఒకే మాట అనేవాడు. “టీచరుగారిని... అడిగానని చెప్పు.”

“చెబుతాను బాబాయ్.”

జబ్బు చేశాక ఆయన నోట రోజుకి పది మాటలొస్తే ఎక్కువ. అందులో మూడు ఎదురింటికి పోతున్నాయి. ముప్ఫై ఆరేళ్ళు కాపురం చేసిన పెళ్ళాన్ని ‘తిన్నావా’ అని అడిగి ఎన్నాళ్ళయింది? ఈ వయసులో ఇదేం కుళ్ళు అని తనని తాను తిట్టుకుంది టైలరమ్మ. తిట్టుకున్నంత మాత్రాన కుళ్ళు తగ్గలేదు. మిషను పక్కన గుట్టలో అట్టడుగున టీచరమ్మ ఉన్ని కోటు ఉంది. గుండీలు మార్చమని రెండు నెలల కిందట ఇచ్చింది. పైనున్న బట్టలన్నీ అయిపోయినప్పుడల్లా టైలరమ్మ కొత్తవి తెచ్చి దానిమీద పెట్టేది.

బుధవారం నాడు సర్వే మనిషి వచ్చాడు. కుర్రవాడే, మూడంతస్తులెక్కి రొప్పుతున్నాడు. మంచినీళ్ళిస్తే గటగటా తాగి ఒళ్ళో పలకలాంటి ఫోనొకటి పెట్టుకున్నాడు. ఎవరెవరికి నిజంగా సహాయం కావాలో మళ్ళీ చూస్తున్నారట.

“ఈయన చెంచాతో తినగలరా అమ్మా?”

“ఎడమచేత్తో తింటారు. సగం ఒలికిపోతుంది.”

“తినగలరు,” అని నొక్కాడు. “బయటికి మీరు తీసుకెళతారా?”

“ఏ లిఫ్టులో తీసుకెళ్ళను బాబూ?”

కుర్రవాడు ఇబ్బందిగా నవ్వి ఇంకోటేదో నొక్కాడు. ఆమె నడుం సంగతి చెప్పింది. విన్నాడు. పాపం, శ్రద్ధగానే విన్నాడు. “దానికి ఇందులో చోటు లేదమ్మా,” అన్నాడు చివరికి. అరగంట అలాగే ఉంటుందట. తగ్గనందుకు సంతోషించమన్నట్టు చూశాడు.

లేవబోతూ ఆగాడు. “ఎదురింటావిడ తలుపు తియ్యలేదు. ఎక్కడికైనా వెళ్ళారా?”

“కళ్ళ డాక్టరు దగ్గరికనుకుంటా. ఎవరో తోడు తీసుకెళ్ళారు.”

“మళ్ళీ ఇన్ని మెట్లెక్కాలా?” అని తనలో తాను అనుకుని, “మీరు రోజూ చూస్తుంటారుగా, ఆవిడ తన పనులు చేసుకోగలరా?” అన్నాడు.

మంచం మీంచి డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. టైలరమ్మ అటు చూడలేదు.

ఆమె అబద్ధం ఒక్కటీ ఆడలేదు. టీచరమ్మ లేచి తిరుగుతుంది. కర్ర కూడా పట్టుకోదు. సాయంత్రం వసారాలో మొక్కలకి నీళ్ళు పోస్తుంది. బకెట్టు తనే మోసుకొస్తుంది, మోచేతికి తగిలించుకుని, సంచీతో షికారుకి బయలుదేరినట్టు. రేడియో పెట్టుకుంటుంది. నవ్వుతుంది. ఆ పిల్లతో కబుర్లు చెబుతుంది. ఇవన్నీ తాను కళ్ళారా చూసినవే.

“బకెట్టు మోస్తారా?” అన్నాడు కుర్రవాడు.

“మోస్తుంది.”

అతని వేలు చకచకా కదిలింది. ఆ కదలిక చూస్తుంటే టైలరమ్మకి కడుపు చల్లబడింది. మూడు వారాలుగా ఇంత హాయిగా అనిపించలేదు. కింద సంతకం పెట్టమంటే వేలితో గాజుపలక మీద పెట్టింది.

“ఆవిడకి తగ్గిస్తే ఆ టైము మాకు కలుపుతారా?”

“అది పైవాళ్ళు చూస్తారమ్మా,” అని అతను మెట్లు దిగిపోయాడు. పైవాళ్ళు చూస్తారంటే చూసి ఇస్తారనే ఆమె అర్థం చేసుకుంది.

“ఎందుకు... చెప్పావు?” అన్నాడు మంచం మీంచి ఆయన.

“ఉన్నదే చెప్పాను. మీకేం నొప్పి?”

ఆయన గోడవైపు ముఖం తిప్పుకున్నాడు. తల మాత్రమే తిరిగింది, మిగతా మనిషిని తిప్పడానికి ఆమే రావాలి. ఆ మధ్యాహ్నం ఆయన పిలవలేదు.

ఇచ్చే కాగితం ఆరునెలలకి గానీ కదలని ఆఫీసులో కోసే కాగితానికి అయిదు రోజులే పట్టింది. సోమవారం పొద్దున ఒకతను వచ్చి ఎదురింటి గోడమీది కార్డు ఊడదీసుకుపోయాడు. దాని చోట సున్నం వెలిసిపోని నాలుగు పలకల మచ్చ మిగిలింది. టీచరమ్మ గుమ్మంలో నిలబడి అతను మెట్లు దిగేదాకా చూసి, తలుపు వేసుకుంది. టైలరమ్మ మిషను తొక్కుతూనే ఉంది. మిషనులో బట్ట లేదని తర్వాత చూసుకుంది.

మంగళవారం సహాయకురాలు తిన్నగా ఈ ఇంటికే వచ్చింది. జీవితంలో మొదటిసారి ముందు తన తలుపు. టైలరమ్మకి నవ్వు ఆగలేదు.

“రా అమ్మాయ్, నీళ్ళు కాగుతున్నాయి.”

“నమస్తే పిన్నీ,” అని ఆ పిల్ల కార్డుకి ఫోను పెట్టింది. టింగుమంది. ముందుగానే పెట్టేసిందేమిటా అని ఒక్కక్షణం అనిపించింది టైలరమ్మకి. ఒకటీ రెండూ మూడూ వినిపించాయి, కానీ వాటి వెనక ఇవాళ వేళాకోళం లేదు. ఆమె తాపీగా మిషను దగ్గర కూర్చుంది. ఇవాళ రెండు కాదు, మూడు ప్యాంట్లు కుట్టెయ్యాలి.

మొదటి ప్యాంటు రెండో కాలు మడుస్తుండగా కుర్చీ బయటికి వచ్చింది. ఆయన జుట్టులోంచి నీళ్ళు మెడమీదికి కారుతున్నాయి. చొక్కా భుజాలమీద ఉంది, గుండీలు పెట్టలేదు. చెవి వెనక సబ్బు నురగ అలాగే ఉంది. సహాయకురాలు ఆయన ముఖంలోకి చూడకుండా కార్డు దగ్గరికి నడిచింది.

“అదేంటి, అప్పుడే?”

“అరగంటయింది పిన్నీ.”

“ఇన్నాళ్ళూ పూర్తిగా చేసేదానివిగా?”

ఆ పిల్ల ఫోను కార్డు దాకా తెచ్చి ఆగింది. “ఇన్నాళ్ళూ టీచరమ్మగారి టైములో చేశాను.”

టైలరమ్మకి అర్థం కాలేదు.

“మీకు అరగంట చేసిన రోజునే ఆవిడ చెప్పారు పిన్నీ. నాకు గంట చాలు, మిగతా అరగంట డ్రైవరుగారికి చెయ్యి, కార్డు మాత్రం నా దగ్గర నడవనీ అన్నారు. అందుకే ఆవిడ కార్డు నడుస్తుండగానే ఇటొచ్చి స్నానం మొదలుపెట్టేదాన్ని. తొమ్మిది కాగానే పరిగెత్తేది ఆ కార్డు ఆపడానికే. వచ్చి మీది పెట్టేదాన్ని.” ఆమె చున్నీ చివర చేతికి చుట్టుకుంటూ విప్పుకుంటూ చెప్పింది. “ఆఫీసులో తెలిస్తే నా ఉద్యోగం పోయేది. ఇప్పుడు ఆవిడ కార్డే లేదు.”

“మరి ఆవిడ గంటన్నర ఏమైంది? ఎవరికిచ్చారు?”

“ఎవరికీ ఇవ్వరు పిన్నీ. పోయిందంతే. నా జీతంలోనూ అంతమేరా పోయింది.”

టింగుమంది. చెప్పుల చప్పుడు మెట్లు దిగిపోయింది.

టైలరమ్మ తువ్వాలు తీసుకుని ఆయన తల తుడవడం మొదలుపెట్టింది. వంగితే నడుంలో కత్తి దిగినట్టుంది. తుడుస్తూ తుడుస్తూ ఆగింది.

“మీకు తెలుసా ఇది?”

ఆయన తలూపాడు.

“మరి నాకెందుకు చెప్పలేదు?”

ఆయన పెదవులు కూడగట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. “చెబితే... నువ్వు... తీసుకోవు.”

 అది నిజం. ఎదురింటావిడ దయ నాకక్కర్లేదని ఆ అరగంటని వసారాలోకి విసిరికొట్టేది, ఆ తర్వాత నడుం పట్టుకుని ఏడ్చేది. ఆయనకది ముప్ఫై ఆరేళ్ళుగా తెలుసు. ఆమె ఆయన చొక్కా గుండీలు ఒక్కొక్కటే పెట్టింది. మూడో గుండీ దగ్గర వేళ్ళు ఆగాయి. టీచరమ్మ చేతివేళ్ళు కళ్ళముందుకొచ్చాయి. కణుపుల దగ్గర వాచి, వంకరపోయి, గుప్పిట పడని వేళ్ళు. బకెట్టు మోచేతికి తగిలించుకునేది షికారుకి పోతున్నట్టు కాదు. పట్టుకోలేక.

మధ్యాహ్నం ఆమె గుట్ట అడుగునుంచి ఉన్ని కోటు లాగింది. పాత గుండీలు బ్లేడుతో కోసేసింది. కొత్తవి పెట్టడానికి డబ్బా తీసి, మూసేసి, స్కూలు సంచీలకి వాడే అతుకుడు పట్టీ చుట్ట తీసింది. కోసిన గుండీలనే పైకి కనబడేటట్టు అలంకారంగా కుట్టి, లోపల పట్టీ వేసింది. నొక్కితే అతుక్కుంటుంది, లాగితే ఊడుతుంది, వేళ్ళతో పనిలేదు. పావుగంట పని. రెండు నెలలు అడుగున పడి ఉంది.

ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలో తెలియక గుమ్మంలో రెండుసార్లు వెనక్కి తిరిగింది. తలుపు తట్టాక టీచరమ్మ గడియ తీయడానికి చాలాసేపు తంటాలు పడుతున్న చప్పుడు వినిపించింది. తెరిచేసరికి ఆమె జుట్టు దువ్వి లేదు. నల్లటి గౌను మీద ఒక గుండీ ఇంకో కాజాలో, దాని తర్వాతది ఎక్కడా లేదు. ఎప్పుడూ ఇస్త్రీ మడతల్లో చూసిన మనిషి.

“కోటు,” అంది టైలరమ్మ.

“అయిందా? తొందరేం లేదన్నానుగా.” అందులో దెప్పిపొడుపు వెతికింది టైలరమ్మ. లేదు.

“ఇలా నొక్కితే చాలు. గుండీలు ఉత్తుత్తివే.”

టీచరమ్మ మణికట్టుతో నొక్కి చూసింది. అతుక్కుంది. మళ్ళీ లాగింది. మళ్ళీ నొక్కింది. పాఠం అప్పజెప్పిన పిల్లని చూసినట్టు తలూపింది. “తెలివైన పని. డ్రైవరుగారికి ఇవాళ తల సరిగ్గా తుడిచారా? చలిగాలి తిరిగింది.”

“తుడిచాను.” టైలరమ్మ కోటు మీది దారప్పోగు తీసేసింది. “బకెట్టు సంగతి నేనే చెప్పాను.”

“కాగితంలో రాశారు, ‘పొరుగువారు చెప్పినదానిని బట్టి’ అని. ఈ అంతస్తులో నాకు పొరుగువారు ఎంతమంది?” టీచరమ్మ కోటు మడత పెట్టడానికి ప్రయత్నించి, మడత పడక, చేతిమీద వేసుకుంది. “అయినా అబద్ధం చెప్పలేదుగా. మోస్తున్న మాట నిజమే.”

తిట్టి ఉంటే టైలరమ్మ బతికిపోయేది. తిరిగి నాలుగు మాటలని, ఏడ్చి, తేలికపడి ఇంటికి వచ్చేది. ఆవిడ అదీ దక్కనివ్వలేదు. అంత నిబ్బరం తనకి చచ్చినా రాదు. ఇంత జరిగాక కూడా, ఆ గుమ్మంలో నిలబడి, ఆ నిబ్బరం చూసి కూడా ఆమె కుళ్ళుకుంది. వంగి, అడక్కుండానే, ఆ గౌను గుండీలు సరైన కాజాల్లో పెట్టి వచ్చేసింది.

మర్నాడు సహాయకురాలు వచ్చేసరికి టైలరమ్మ నడుంకి వెడల్పాటి గుడ్డ బిగించుకుని, చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, స్నానాలగది ముందు కుర్చీ సిద్ధం చేసి నిలబడి ఉంది.

“కార్డు పెట్టు,” అంది.

టింగుమంది.

“ఇప్పుడు ఎదురింటికి పో.”

ఆ పిల్ల ఆమె ముఖంలోకి చూసింది. మంచం వైపు చూసింది. డ్రైవరు ఎడమచెయ్యి ఎత్తి తలుపు వైపు ఊపాడు, బస్సుకి దారి చూపిస్తున్నట్టు.

“అరగంట కాగానే వచ్చి ఆపుకుని పో. ఆవిడకి తల దువ్వి, గడియ తీసిపెట్టి, బకెట్టు నింపి బయట పెట్టు. బకెట్టు మర్చిపోకు.”

“మరి బాబాయ్?”

“ఇంట్లో చూసుకునే మనిషి ఉన్నారట కదా. కాగితంలో రాశారు.” ఆమె ఆయన ఎడమ చెయ్యి అందుకుని మెడచుట్టూ వేసుకుంది. “నేను పంపానని మాత్రం చెప్పకు. చెబితే తీసుకోదు.”

సహాయకురాలు గుమ్మం దగ్గర ఆగింది. “ఆవిడకి తెలియకుండా ఉంటుందా పిన్నీ? ఈ కిటుకు నేర్పిందే ఆవిడ.”

“తెలిస్తే తెలియనీ. నువ్వు చెప్పకు.”

చెప్పుల చప్పుడు వసారా దాటింది. ఎదురింటి తలుపు తట్టిన చప్పుడు, తెరుచుకున్న చప్పుడు. టైలరమ్మ కాళ్ళు ఎడంగా పెట్టి నిలదొక్కుకుంది. ఒకటి, రెండు, మూడు. మొదటిసారి ఆయన లేవలేదు. ఇద్దరూ మంచం మీద కూలబడ్డారు. ఆమె నడుం పట్టుకుని దేవుణ్ణి, ప్రభుత్వాన్ని, మొగుడి బరువుని వరసగా తిట్టింది. రెండోసారి మోకాలు ఆయన మోకాలికి ఆనించి పట్టు మార్చుకుంది. ఆయన మంచి కాలి మీద బరువంతా వేశాడు. లేచాడు.

స్నానం సగంలో ఉండగా అవతలనుంచి నవ్వు వినిపించింది. ఇద్దరూ నవ్వుతున్నారు. టీచరమ్మ ఏదో చెబుతోంది, ఆ పిల్ల ఏదో అంటోంది, మళ్ళీ నవ్వు. టైలరమ్మ చేతిలో చెంబు ఆగింది. తలుపు సందులోంచి మెడ చాచి గోడ గడియారం చూసింది.

“అరగంటన్నాను. ముప్ఫై అయిదు నిమిషాలైంది,” అంది పళ్ళ బిగువున. “ఏం కబుర్లో.”

సబ్బునురగలో కూర్చున్న డ్రైవరు భుజాలు కదిలాయి. ఆయన నవ్వుతున్నాడని ఆమెకి కాసేపటికి తెలిసింది. చెంబు ముంచి ఆయన నెత్తిన కుమ్మరించింది.